ఓడలో గది, ఓడలో బంతి
(దేవాలయ సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆలయ వార్షికోత్సవంలో విహారనౌకల ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. కార్యవర్గం వారు ఈ విషయాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. శనివారం హారతి పూర్తయి, ప్రసాదం చేతికందుకుని బయట నిలబడినప్పుడు టూంగాబీలోను, చుట్టుపక్కల వెంట్‌వర్త్‌విల్, పెండిల్ హిల్, గిర్రవీన్ ప్రాంతాలలోను నివసించే మనవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "అమ్మానాన్నలు వస్తున్నారండీ, ఓడ ప్రయాణం పెట్టుకున్నాం. ఏ గది తీసుకోమంటారు? వాళ్ళు అక్కడ ఏం తింటారు?" ఈ రెండు ప్రశ్నలకే ఈనాటి నా ప్రసంగం పరిమితం.

ఈ ప్రశ్నలు మనకు కొత్తవి కావు. సముద్రయానాన్ని బౌధాయన ధర్మసూత్రం పతనహేతువులలో ఒకటిగా చెప్పింది. అదే గ్రంథం మరొకచోట సముద్రం మీద ప్రయాణించడం ఉత్తరదేశీయుల ఆచారాలలో ఒకటని కూడా పేర్కొన్నది. అంటే నిషేధమూ ఉన్నది, ప్రయాణమూ జరుగుతూనే ఉన్నది. నిషేధానికి కారణాలెన్ని చెప్పినా, ఆచరణలో చిక్కంతా ఎక్కడ పడుకోవాలి, ఎవరి చేతి వంట తినాలి అనే దగ్గరే వచ్చేది. 1888లో లండనుకు బయలుదేరిన గాంధీజీ నౌకలో భోజనశాలకు వెళ్ళడానికి సంకోచించి, ఇంటినుండి తెచ్చుకున్న మిఠాయిలు, పండ్లతో తన గదిలోనే చాలావరకు కాలక్షేపం చేశారు. కత్తులూ ముళ్ళూ వాడటం తెలియకపోవడం ఒక కారణం, ఏ వంటకంలో మాంసం లేదో అడగడానికి ధైర్యం చాలకపోవడం మరొకటి. ఆ రెండవ కారణం నేటికీ మన పెద్దలలో చాలామందికి ఉన్నదని నేననుకుంటాను.

తెలుగువారి సంగతికొస్తే మరింత కఠినమైన చరిత్ర ఉన్నది. ఫిజీకి భారతీయ కూలీలను తీసుకువెళ్ళిన మొదటి నౌక లియోనిడాస్ 1879 మే నెలలో అక్కడికి చేరింది. అది కలకత్తానుండి బయలుదేరినది. 1903 నుండి మద్రాసు రేవు ద్వారా కూడా మనుషులను పంపడం మొదలైంది. అలా వెళ్ళిన సుమారు 15 వేలమందిలో విశాఖపట్టణం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాడు జిల్లాలవారు ఉన్నారు. ఆ నౌకలలో గదులు లేవు. ఒంటరి పురుషులను ముందు భాగంలో, కుటుంబాలను మధ్యలో, ఒంటరి స్త్రీలను వెనుక భాగంలో ఉంచేవారు. కులానికొక పంక్తి అక్కడ సాధ్యం కాలేదు. అందరికీ ఒకే పొయ్యి, ఒకే ఓడ. ఓడలో కలిసినవారు ఆజన్మాంతం ఒకరినొకరు 'జహాజీ భాయి' అని పిలుచుకున్నారు. ఆ ఒప్పందపు కూలి వ్యవస్థ 1920 జనవరి 1న రద్దయింది. వారి వారసులు 1941లో ఫిజీలో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘాన్ని స్థాపించుకున్నారు. ఈ రోజు సిడ్నీనుండి బయలుదేరే విహారనౌకలు కొన్ని సువా, లౌటోకా రేవులలో ఆగుతాయి. ఆ రేవులలో దిగినప్పుడు బజారులో ఒక దుకాణం పేరుపలక మీద నాయుడు, రెడ్డి అని కనిపిస్తే ఒక నిమిషం ఆగి పలకరించండి.

ఇక అసలు విషయం. గదులు స్థూలంగా నాలుగు రకాలు. కిటికీ లేని లోపలి గది, తెరవడానికి వీలులేని గాజు కిటికీ ఉన్న గది, బాల్కనీ ఉన్న గది, ఆపైన సూట్. ధర కూడా ఇదే క్రమంలో పెరుగుతుంది. మన ఇళ్ళలో సాధారణంగా జరిగేది ఏమిటంటే, పిల్లలతో ఉన్న దంపతులు బాల్కనీ గది తీసుకుని, "మీరు పడుకోవడానికే కదా" అని పెద్దవారికి లోపలి గది తీసుకుంటారు. ఈ లెక్క తలకిందులని నా అభిప్రాయం. పిల్లలున్నవారు పగలంతా ఈతకొలనులోను, ఆటస్థలంలోను గడుపుతారు. గదిలో ఎక్కువసేపు ఉండేది మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారు, మధ్యాహ్నం ఒక గంట నడుం వాల్చవలసిన అమ్మగారు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచే అలవాటున్న మనిషిని కిటికీలేని గదిలో ఉంచితే తెల్లవారిందో లేదో తెలియదు. దీపం ఆర్పితే ఆ గదిలో కటికచీకటి. సూర్యదర్శనం చేసుకుని అర్ఘ్యం ఇచ్చే అలవాటున్నవారికి అదొక శిక్ష.

ఇంకొక కారణం కూడా ఉన్నది. న్యూకాలెడోనియాలోని లిఫూ, ఐల్ ఆఫ్ పైన్స్, వనుఆటులోని మిస్టరీ ఐలండ్ వంటి చోట్ల పెద్ద నౌక ఒడ్డుకు చేరదు. దూరంగా లంగరు వేసి, చిన్న పడవలలో ప్రయాణికులను దింపుతారు. అలల మీద ఊగుతున్న పడవలోకి కాలు పెట్టడం డెబ్భై దాటినవారందరికీ సాధ్యం కాదు. ఆ రోజున ఇంటిల్లిపాదీ ఒడ్డుకు వెళితే పెద్దవారు నౌకలోనే ఉంటారు. వారికి ఆ ద్వీపాన్ని చూసే భాగ్యం గది కిటికీలోనుండే. కనుక కిటికీ ఎవరికి అవసరమో మీరే ఆలోచించండి.

బాల్కనీ అవసరమా అని అడుగుతారు. డబ్బు సమస్య కాకపోతే తీసుకోండి. కాని న్యూజీలాండు వైపు వెళ్ళే టాస్మన్ సముద్రం గాలికీ అలలకూ పేరుపొందినది. ఆ దారిలో బాల్కనీ తలుపు మూసుకుని కూర్చునే రోజులే ఎక్కువ కావచ్చు. కింది అంతస్తులో, నౌక మధ్యభాగంలో ఉన్న కిటికీ గది నా దృష్టిలో పెద్దవారికి ఉత్తమం. ఉయ్యాల మధ్యలో ఊపు తక్కువ, చివర ఎక్కువ అని మనకు చిన్నప్పటినుండి తెలిసినదే. ఓడ కూడా అంతే. ముందు కొస, వెనుక కొస, పై అంతస్తులు బాగా ఊగుతాయి. మధ్యభాగం, కింది అంతస్తు నిలకడగా ఉంటాయి. ఆనాటి కూలీ ఓడలలో కుటుంబాలను మధ్యలో ఉంచిన వారి ఉద్దేశం వేరు కావచ్చు గాని, స్థలం మాత్రం మంచిదే దక్కింది.

గది ఖాయం చేసేముందు ఆ నౌక అంతస్తుల పటం తెరచి, మీ గదికి సరిగ్గా పైన, సరిగ్గా కింద ఏమున్నదో చూడండి. రెండువైపులా గదులే ఉంటే నిశ్చింత. పైన ఈతకొలను అంతస్తు ఉంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు, వంటశాల ఉంటే బండ్ల చప్పుడు, కింద నాట్యశాల ఉంటే అర్ధరాత్రి దాకా దరువు. ముందు కొసన లంగరు గొలుసు శబ్దం ఒకటి. పక్కగదికి మధ్య తలుపున్న గదులలో అవతలివారి మాటలు బాగా వినిపిస్తాయి. అవతలివారు మీ పిల్లలే అయితే ఆ తలుపే వరం. కిటికీ ఉన్నదని తీసుకుంటే ఎదురుగా రక్షణపడవ అడ్డంగా వేలాడే గదులూ ఉంటాయి. వాటి వివరణలో ఆ సంగతి రాసే ఉంటుంది, చదవాలి. 'గ్యారంటీ' అనే పద్ధతిలో ధర తగ్గుతుంది, కాని గది ఎంపిక సంస్థదే. కుర్రవారికి పరవాలేదు. పెద్దవారి విషయంలో ఆ పొదుపు వద్దు.

పడకల సంగతి. ఒకే గదిలో నలుగురైతే ఇద్దరికి గోడనుండి దిగే పై పడకలు ఉండవచ్చు, నిచ్చెనెక్కాలి. పెద్దవారి పేరు మూడవదిగానో నాలుగవదిగానో నమోదు చేయించినంతమాత్రాన వారికి కింది పడక దొరుకుతుందనుకోకండి. చక్రాల కుర్చీ అవసరమైనవారికి వెడల్పు తలుపు, గడపలేని స్నానాలగది ఉన్న ప్రత్యేకమైన గదులు కొద్దిగా ఉంటాయి. అవి అందరికంటే ముందే అయిపోతాయి. మామూలు గదులలో స్నానాలగదికి జానెడు గడప ఉండవచ్చు. రాత్రి లేచేవారికి అది చూపించి ఉంచండి. అన్నట్టు, ఒక ప్లాస్టిక్ చెంబు మరచిపోకండి. నవ్వకండి, మొదటిరోజు ఉదయం మీ నాన్నగారు మిమ్మల్ని మొట్టమొదట అడిగేది అదే.

ఒంటరిగా ఉన్న అమ్మగారి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఓడల ధరలు గదికి ఇద్దరు అనే లెక్క మీద ఏర్పడినవి. ఒక్కరే ఉంటే ఇంచుమించు ఇద్దరి ధర పడవచ్చు. అది చూసి ఆమే, "నేను రానులే నాయనా, ఇంటి దగ్గర ఉంటాను" అంటుంది. అన్నమాటను నమ్మి వదిలివేయకండి. మనవరాలినో మనవడినో ఆమె గదిలో నమోదు చేయించండి. ఇద్దరి లెక్క సరిపోతుంది, గదిలో తోడు ఉంటుంది. ప్రతి గదిలో పెద్దవారొకరు ఉండాలన్న నియమమూ నెరవేరుతుంది.

గదిలో దీపారాధనకు వీలులేదు. అగ్గిపుల్ల, అగరువత్తి, కర్పూరం ఏదీ కుదరదు. నడిసముద్రంలో నిప్పుకు మించిన భయం లేదు, కనుక ఈ నియమాన్ని ఆచారం పేరుతో అతిక్రమించే ప్రయత్నం చేయవద్దు. రైస్ కుక్కరు, నీళ్ళు కాచే కెటిల్, ఇస్త్రీ పెట్టె కూడా ఎక్కనివ్వరు. చిన్న పటం, బ్యాటరీ దీపం తీసుకువెళ్ళవచ్చు. ఓడ గోడలు చాలావరకు ఉక్కువి, అయస్కాంతంతో పటం నిలుస్తుంది.

ఇక భోజనం. పెద్ద భోజనశాలలో రాత్రి భోజనానికి సాధారణంగా రెండు పద్ధతులు. నిర్ణీత సమయం, నిర్ణీత బల్ల ఒకటి. వచ్చినప్పుడు ఖాళీ ఉన్నచోట కూర్చోవడం మరొకటి. నిర్ణీత సమయంలో మన పెళ్ళిళ్ళలోలాగే మొదటి బంతి, రెండవ బంతి. మొదటిది సాయంత్రం ఆరు ప్రాంతంలో, రెండవది ఎనిమిది ప్రాంతంలో. నాలుగైదు రకాలు ఒకదాని తరువాత ఒకటి వడ్డించడంవల్ల లేచేసరికి గంటన్నరకు పైగా పట్టవచ్చు. మధుమేహానికి మందులు వాడేవారికి రెండవ బంతి పనికిరాదు. ఆరింటికి ఆకలి ఉండదని మీరనుకున్నా, పెద్దవారికోసం మొదటి బంతే అడగండి.

నిర్ణీత బల్లలో నాకు కనిపించే గొప్ప సౌకర్యం వేరు. అక్కడ ప్రతి రాత్రీ అదే వడ్డించే మనిషి. మొదటిరోజు చెప్పినది రెండవరోజు గుర్తుంటుంది. ఓడల సిబ్బందిలో భారతీయులు చాలామందే ఉంటారు. భోజనశాల పర్యవేక్షకుణ్ణి మొదటి రాత్రే కలిసి, మాంసం, చేపలు, గుడ్డు తినము, ఉల్లి వెల్లుల్లి తినము అని విడివిడిగా చెబితే మరునాటి వంటకం ముందురోజే నిర్ణయించుకోవచ్చు. కొన్ని సంస్థల పట్టికలో రోజూ ఒక భారతీయ శాకాహార వంటకం ఉంటుంది. ఏకాదశి ఎప్పుడు వస్తుందో పంచాంగం చూసి ఆ సంగతి కూడా ముందే చెప్పవచ్చు. అయితే ఓడ ఎక్కాక చెబుదామని ఊరుకోకండి. టిక్కెట్టు తీసుకునేటప్పుడే రాతపూర్వకంగా తెలపాలి. రెండు మూడు కుటుంబాలు కలిసి వెళుతుంటే బుకింగ్ నంబర్లను జతచేయమని కోరండి. లేకపోతే వియ్యంకులు ఒక మూల, మీరొక మూల కూర్చుంటారు.

'శాకాహారం' అన్న ఒక్క మాట మీద ఆధారపడకూడదు. కూరగాయల సూపులో కోడి లేక గొడ్డు మాంసపు రసం ఉండవచ్చు. సీజర్ సలాడ్ రసంలో చేప ఉంటుంది. మెత్తగా వణికే తీపి పదార్థాలలో జెలటిన్, కొన్ని జున్నులలో దూడ కడుపునుండి తీసిన రెన్నెట్, వేపుడు కూరలో ఆయిస్టర్ సాస్. బంగాళాదుంప వేపుడు, చేప ఒకే నూనెలో వేగడమూ కద్దు. బఫేలో ఒక గరిటె పది పాత్రలు తిరుగుతుంది. ఎంతవరకు పట్టింపు అన్నది ఎవరిష్టం వారిది, నేను తీర్పు చెప్పను. కాని తెలిసి వదిలేయడం వేరు, తెలియక తినిపించడం వేరు. అమ్మగారి తరఫున అడగవలసినది మీరు. ఆమె అడగదు. బ్రెడ్డు, పెరుగు, అరటిపండు తిని "నాకివే ఇష్టం" అంటుంది. ఎనిమిది రోజులు అలా గడిచిపోతాయి.

ఇంటి ఆవకాయ, పొడులు తీసుకువెళ్ళాలనే కోరిక సహజం. ఇంట్లో వండిన పదార్థాలను చాలా సంస్థలు ఓడలోకి అనుమతించవు. దుకాణంలో కొన్న, మూత విప్పని పొట్లాలు సాధారణంగా అంగీకరిస్తారు. వాటినైనా ఒడ్డుకు దించేటప్పుడు ఆయా దేశాల నియమాలున్నాయి. న్యూజీలాండులో దిగేటప్పుడు చేతిసంచిలో మరచిపోయిన ఆపిల్ పండుకు కూడా జరిమానా పడవచ్చు. సిడ్నీకి తిరిగి వచ్చినప్పుడూ అంతే. సంశయముంటే ప్రకటించండి.

రెండు కాగితాల మాట చెప్పి ముగిస్తాను. నౌమియాకో, ఫిజీకో వెళ్ళే ఓడ ఎక్కడమంటే ఆస్ట్రేలియా దాటి వెళ్ళడమే. సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు ఒకే ప్రవేశం ఉన్న వీసా అయితే తిరిగి లోపలికి రావడానికి హక్కు ఉండదు. బహుళ ప్రవేశమున్నదో లేదో చూసి, ఆగే ప్రతి దేశం వీసా నియమమూ చూసి, ఆ తరువాతే డబ్బు కట్టండి. రెండవది బీమా. ఓడ వైద్యునికి మెడికేర్ వర్తిస్తుందని ఆశించకండి. నౌకాయానం స్పష్టంగా చేరిన ప్రయాణ బీమా ఉండాలి, అందులో పాత జబ్బులు దాచకుండా రాయాలి.

చివరగా, టిక్కెట్టు మీద ఏ రేవో చూసుకోండి. హార్బర్ వంతెన కింద పట్టని ఎత్తైన ఓడలు సర్క్యులర్ కీలో ఆగుతాయి. టూంగాబీలో రైలెక్కి నగరంలో ఒకచోట మారితే అక్కడికి చేరవచ్చు. వైట్ బేకి రైలు లేదు. పెట్టెలతో, పెద్దవారితో అక్కడికి వెళ్ళాలంటే కారో టాక్సీయో ముందే మాట్లాడుకోవాలి. అంతస్తుల పటాలు కొన్ని అచ్చువేయించి తెచ్చాను. భోజనాల దగ్గర బల్ల మీద ఉంచుతాను, చూడదలచినవారు రండి.