ద్రవ ఇంధనం, లోతు నీళ్లు

భౌతికశాస్త్రం మాస్టారి పేరు మీద జరిగే సభ కనుక, సోవియట్ జలాంతర్గామి క్షిపణుల కథలో రాజకీయం తగ్గించి ఇంధనం గురించే ఎక్కువ చెబుతాను. 2009లో అణు జలాంతర్గామి అరిహంత్‌ను నీట దించిన విశాఖలో ఈ చరిత్ర మరీ పరాయిదేమీ కాదు.

1955 సెప్టెంబరు 16న తెల్ల సముద్రంలో బి-67 నుంచి ఆర్-11ఎఫ్ఎం క్షిపణి లేచింది. జలాంతర్గామి నుంచి బాలిస్టిక్ క్షిపణిని వదలడం ప్రపంచంలో అదే మొదలు. రూపకర్త సెర్గెయ్ కొరొల్యోవ్ స్వయంగా ఆ నౌకలోనే ఉన్నాడు. పరిధి సుమారు 150 కిలోమీటర్లు. పైగా వదలాలంటే నీటిపైకి తేలాలి. శత్రువు గుమ్మం ముందుకెళ్లి నిలబడాలన్నమాట!

1960లో అమెరికా ఘన ఇంధన పొలారిస్‌ను నీటి అడుగు నుంచే వదిలింది. అంత పెద్ద ఘన ఇంధన మోటార్లు నమ్మకంగా చేయడం సోవియట్ పరిశ్రమకు అప్పటికి పట్టుబడలేదు. అందుకే కొరొల్యోవ్ నుంచి ఈ పని అందుకున్న విక్టర్ మకేయెవ్ ద్రవ ఇంధనంతోనే నెట్టుకొచ్చాడు. నెట్టుకొచ్చాడని తేలిగ్గా అన్నాను గానీ, ఆ పనితనం అసాధారణం. ఆర్-27లో ఇంజన్‌ను ఇంధన ట్యాంకులోనే ముంచేసి పొడవు తగ్గించాడు. ఇంధనాన్ని ఫ్యాక్టరీలోనే నింపి సీలు వేయించాడు. అయితే ఆ హైడ్రజీన్ ఇంధనమూ నైట్రోజన్ టెట్రాక్సైడూ ఒకదానికొకటి తగిలితే చాలు, నిప్పురవ్వ లేకుండానే అంటుకుంటాయి. అలాంటి 16 క్షిపణుల పక్కన నావికులు నెలల తరబడి నిద్రపోయారు.

1974లో సేవలోకి వచ్చిన ఆర్-29 దాదాపు 7,800 కిలోమీటర్లు వెళ్లేది, నక్షత్రాలను చూసి దారి సరిచేసుకునేది. ఇక కొత్త జలాంతర్గాములు బారెంట్స్ సముద్రం దాటకుండానే అమెరికాకు గురిపెట్టగలిగాయి. 1991 ఆగస్టు 6న జలాంతర్గామి నొవొమొస్కొవ్‌స్క్ నాలుగు నిమిషాల లోపే 16 క్షిపణులనూ నీటి అడుగు నుంచి వదిలింది. ద్రవ ఇంధనానిదే గెలుపని వాదించేవారు ఆ రోజునే చూపిస్తారు.

నేను అంతకు అయిదేళ్ల ముందటి రోజు చూపిస్తాను. పాత అణు జలాంతర్గామి కె-219 మోసే క్షిపణుల పరిధి తక్కువ, అందుకే అది అట్లాంటిక్ దాటి బెర్ముడా దాకా వెళ్లాల్సివచ్చింది. 1986 అక్టోబరు 3న ఒక క్షిపణి గొట్టంలోకి సముద్రపు నీరు చొరబడింది. ట్యాంకు చిట్లింది, పేలుడు జరిగింది, విషవాయువు కమ్మింది. రియాక్టర్‌ను చేత్తో ఆపాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ల నావికుడు సెర్గెయ్ ప్రెమినిన్ లోపలికెళ్లి, ఒళ్లు కాలే వేడిలో చివరి నియంత్రణ కడ్డీని కిందికి దించాడు. పీడనంలో తేడా వల్ల తలుపు మళ్లీ తెరుచుకోలేదు. మూడు రోజులకు నౌక మునిగిపోయింది.

మకేయెవ్ ప్రతిభను నేను తక్కువ చేయను. కానీ ఆ ప్రతిభకు ఖరీదు కట్టేటప్పుడు ఈ కుర్రవాణ్ణి లెక్కలోంచి తీసేయడం అన్యాయం. సోవియట్ ప్రభుత్వం అతనికి మరణానంతరం రెడ్ స్టార్ పతకంతో సరిపెట్టింది. వీరుడన్న బిరుదు 1997లో వచ్చింది; ఇచ్చింది రష్యా.