స్పెయిను హాస్యచిత్రములలో సంసారము

స్పెయిను దేశమున 1962లో వచ్చిన 'లా గ్రాన్ ఫమీలియా', అనగా 'పెద్ద కుటుంబము', అను హాస్యచిత్రమును నేను చూచితిని. మాడ్రిడు నగరమున నొక గృహస్థునకు పదునైదుగురు బిడ్డలు. ఆతడొక్క కొలువు చాలక మరికొన్ని పనులు చేసి యిల్లు నడుపును. క్రిస్మసు అంగళ్ల సందడిలో చిన్నవాడు తప్పిపోగా, ముసలితాత వానిని పేరుపెట్టి పిలుచుచు తిరుగును. అంతవరకు నవ్వుచున్న నాకు కన్నులు చెమర్చినవి.

అయినను నొక సంశయము. అది ఫ్రాంకో నిరంకుశ పాలనాకాలము. బహుసంతానము గలవారికి ప్రభుత్వము బహుమతుల నిచ్చెడిది. భర్త యనుమతి లేక భార్య యుద్యోగము చేయరాదను నిబంధన 1975 వరకు నుండెను. ఆ తల్లి చిరునవ్వు వెనుకనున్న యలసట నడిగినవా రెవరు?

1959లో వచ్చిన 'ఎల్ పిసీతో' యను చిత్రము వేరు. ఇల్లు దొరకక యేండ్ల తరబడి పెండ్లి వాయిదా వేసికొన్న యొక యువకుడు, అద్దెహక్కు తనకు సంక్రమించునను నాశతో నొక వృద్ధురాలిని పెండ్లాడును. ఆమె మరణమునకై యెదురుచూచును. ఇదియు నవ్వించును, కాని యా నవ్వు గొంతులో నిలిచిపోవును.

మొదటి చిత్రము ఏలికలు మెచ్చిన సంసారమును చూపినది. రెండవది, తలదాచుకొన గూడు లేనినాడు మంచివారును ఎంతకు దిగజారుదురో చూపినది. కుటుంబ గౌరవమును గూర్చి పలుకు పెద్దలు ఈ రెంటిని జతపరచి చూడవలెనని నా మనవి.