పంట పోయిన ఇంట



పంట పోయినచో నష్టమును ఎకరముల లెక్కన వ్రాసికొందుము. ఇంటివారి దిగులును ఎవరడుగుదురు? అప్పు సంగతి భార్యకు చెప్పక యజమాని అరుగుమీద మౌనముగా కూర్చుండును. ఆమె దానిని కోపమనుకొనును. పిల్లలు దగ్గరకు పోవుటకే జంకుదురు.

‘ధైర్యముగా నుండు’ మని చెప్పి లేచిపోవుట సులభము. మేమును అట్లే చేసితిమి. దానికి మారుగా ప్రక్కన కూర్చుండి వినవలెను. ఆలుమగలు అప్పు కాగితములు ముందుంచుకొని కలసి లెక్క చూచుకొనవలెను.

నిద్రాహారములు తప్పి రెండు వారములు గడచినచో అది సోమరితనము కాదు, వైద్యునికి చూపదగిన జబ్బు కావచ్చును. చావు మాట వినబడినచో ఆ మనిషిని ఒంటరిగా విడువరాదు. పురుగుమందు ఇంటిలో నుంచరాదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ 14416 నంబరుకు రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాట్లాడువారుందురు.