ఇంటి కంప్యూటరు, చేతిలోని తాళంచెవి



మన పెద్దలు మగ్గాన్ని నమ్ముకొని తెలంగాణ పల్లెల నుండి ఈ సోలాపూరుకు వచ్చి తరాలు గడిచాయి. ఇక్కడే ఇళ్లు కట్టుకున్నాము. మరాఠీ, కన్నడ సోదరులతో కలిసిమెలిసి జీవిస్తున్నాము. అయినా పెళ్లి అన్నా, పెద్దకర్మ అన్నా, బతుకమ్మ పండుగ అన్నా సిరిసిల్లకో కరీంనగరుకో బయలుదేరుతూనే ఉంటాము. మనం కదిలినా మన లెక్కలు కదలవు. తువ్వాళ్ల ఆర్డర్ల పద్దులు, జీఎస్టీ బిల్లులు, ఇంటిపన్ను రసీదులు ఇంటి కంప్యూటరులోనే ఉండిపోతాయి. పెళ్లిపందిట్లో ఉండగా వ్యాపారి ఫోన్ చేసి ఫలానా బిల్లు వెంటనే పంపమంటాడు. అప్పుడు చేతిలోని స్మార్ట్‌ఫోన్ నుండే ఇంటి కంప్యూటరును తెరిచి ఆ పని ముగించుకోవచ్చు. ఆ సౌకర్యాన్ని గురించి, దాని వెంటే వచ్చే ప్రమాదాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

దీనిని రిమోట్ యాక్సెస్ అంటారు. ఇంటి కంప్యూటరు తెర మీద కనిపించేది ఇంటర్నెట్ ద్వారా మన ఫోన్‌కు చేరుతుంది. ఫోన్ మీద మన వేలి కదలిక మౌస్ కదలికగా తిరిగి ఇంటికి చేరుతుంది. అంటే మనం ఎక్కడ ఉన్నా ఆ కుర్చీలో కూర్చున్నట్లే.

ఇందుకు క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్, ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటి సాధనాలు ఉన్నాయి. విండోస్ ప్రో ఉన్న కంప్యూటరుకు మైక్రోసాఫ్ట్ వారి రిమోట్ డెస్క్‌టాప్ సదుపాయం కూడా ఉంటుంది. విండోస్ హోమ్ ఉన్న కంప్యూటరులోనికి ఆ దారిన ప్రవేశించలేము. గృహావసరాలకు క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ సులభమైనది, రుసుము లేనిది. కంప్యూటరులో గూగుల్ ఖాతాతో ప్రవేశించి, రిమోట్ యాక్సెస్‌ను అనుమతించి, కనీసం 6 అంకెల పిన్ పెట్టుకోవాలి. ఫోన్‌లో అదే ఖాతాతో తెరిచి ఆ పిన్ ఇస్తే చాలు.

ప్రయాణానికి ముందు కొన్ని జాగ్రత్తలు అవసరం. కంప్యూటరు నిద్రావస్థలోకి, అంటే స్లీప్‌లోకి, పోతే ఫోన్‌కు అందదు. కనుక పవర్ సెట్టింగులలో స్లీప్‌ను ఆపివేయాలి. తెర ఆరిపోయినా ఫరవాలేదు. కరెంటు పోతే రౌటరు కూడా ఆగిపోతుందని గుర్తుంచుకోవాలి. పిన్‌గా పుట్టినతేదీ, ఇంటి నంబరు పెట్టరాదు. గూగుల్ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ ఖాతాయే ఇక్కడ సింహద్వారం. ఫోన్‌కు తాళం లేకుంటే ఇంటికి తాళం లేనట్లే. బయలుదేరే ముందు, ఇంటి వైఫైని ఆపి మొబైల్ డేటాతో ఒకసారి పరీక్షించి చూసుకోవాలి. ఊరికి పోయాక తెలుసుకొని చేయగలిగేది ఏమీ ఉండదు. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు వంటి పత్రాలు మాత్రమే కావలసినవారికి ఇంత ఏర్పాటు అక్కరలేదు, డిజిలాకర్ సరిపోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇది చెప్పడానికి నాకు కొంత సంకోచంగానే ఉన్నది.

ఒక సాయంత్రం నా ఫోన్‌కు సందేశం వచ్చింది: పాత బిల్లు నమోదు కాలేదు, ఈ రాత్రి కరెంటు కనెక్షన్ తొలగిస్తామని. అందులోని నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తినవాడు నా మాటతీరు విని తెలుగులోకి మారాడు. మరాఠీ నగరంలో అధికారి గొంతు మన భాషలో వినిపిస్తే మనసు మెత్తబడుతుంది కదా! కంప్యూటరులో ఒక సాధనం పెట్టుకోమన్నాడు, పెట్టాను. తెర మీది సంఖ్య చదవమన్నాడు, చదివాను. అనుమతించమన్నాడు, నొక్కాను. పది రూపాయలు కట్టి చూడండని బ్యాంకు పేజీ తెరిపించాడు. మరుక్షణం నేను చేయి వేయకుండానే తెర మీద బాణం కదలసాగింది. పిల్ల పెళ్లికి దాచిన సొమ్మంతా ఆ ఖాతాలోనే ఉన్నది. నేను బిగుసుకుపోయాను. వంటగది నుండి వచ్చిన మా ఇల్లాలు నా ముఖం చూసి, ఏమీ అడగకుండా రౌటరు ప్లగ్గును గోడ నుండి పెరికివేసింది. ఆ సొమ్ము అలా దక్కింది.

ఆ సాధనంలో దోషమేమీ లేదు. నేను ఊరి నుండి వాడుకొనేదీ అటువంటిదే. తాళంచెవిని నేనే అపరిచితుని చేతిలో పెట్టాను. ఎనీడెస్క్ వంటి సాధనాలతో ఇటువంటి మోసాలు జరుగుతున్నాయని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. కనుక ఒక్క ప్రశ్న గుర్తుంచుకోండి: ఈ ప్రవేశాన్ని మొదలుపెట్టినది ఎవరు? నా అవసరానికి, నా కంప్యూటరులోనికి, నేను ప్రవేశిస్తే అది సౌకర్యం. ఎవరో ఫోన్ చేసి, వారు చెప్పిన సాధనం పెట్టించి, సంఖ్య అడిగితే అది దోపిడీ. అతడు ఏ భాషలో మాట్లాడినా, ఏ కార్యాలయం పేరు చెప్పినా ఈ మాట మారదు.

ఒకవేళ పొరపాటు జరిగితే సిగ్గుపడి దాచవద్దు. ముందుగా ఇంటర్నెట్ తెంచండి. బ్యాంకుకు ఫోన్ చేయండి. ఆ నంబరును పాస్‌బుక్కు మీదనో కార్డు వెనుకనో చూడండి గాని ఇంటర్నెట్‌లో వెతకవద్దు. వెంటనే 1930కు ఫిర్యాదు చేయండి. ఇది దేశమంతటికీ ఒకే నంబరు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా నమోదు చేయవచ్చు. ఆ సాధనాన్ని తొలగించి, వేరొక పరికరం నుండి పాస్‌వర్డులు మార్చండి. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, రహస్య వివరాలను మనమే ఇచ్చినందువల్ల కలిగిన నష్టం బ్యాంకుకు తెలిపేవరకు మనదే. తెలిపిన తరువాత జరిగే నష్టం బ్యాంకుది. అందుచేత ఇక్కడ ప్రతి నిమిషానికీ విలువ ఉన్నది.

ఈ మాటలను మీ ఇంటిలోని పెద్దలకు, ముఖ్యంగా పగటిపూట ఒంటరిగా ఉండేవారికి చెప్పండి. రౌటరు ప్లగ్గు ఎక్కడ ఉన్నదో కూడా చూపించండి.