ఆపరేషన్‌కు సాయం చేసే ముందు

 

ఈమధ్య తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివే అమ్మాయిలకు స్త్రీల ఆరోగ్యం, వైద్య వ్యవస్థ అనే అంశం మీద సదస్సు నడిపే పని మాకు అప్పగించారు. మేము డాక్టర్లం కాము, పాఠాలు చెప్పుకునేవాళ్ళం. అందుకని, ఇంట్లో ఆడవాళ్ళకు ఏయే ఆపరేషన్లు అయ్యాయో, ఎందుకయ్యాయో అడిగి రాసుకు రమ్మని ముందు రోజే అమ్మాయిలకు చెప్పాము.

రక్తహీనత గురించి చెబుదామని సిద్ధమై వెళ్ళాము. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కాని పిల్లలు తెచ్చిన కాగితాలు సదస్సును ఇంకో దారి పట్టించాయి. కాన్పు ఆపరేషన్, తర్వాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్, ఆ తర్వాత గర్భసంచి తీసివేత. చాలా ఇళ్ళలో ఇదే వరుస.

కొల్లేరు లంక గ్రామం నుంచి వచ్చే అమ్మాయి ఒకతె లేచి, “మా అమ్మకీ, పిన్నికీ కూడా తీసేశారండి. ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుందన్నారంట” అంది. అండాశయాలు ఉంచారా, తీసేశారా అని అడిగాము. ఇంట్లో ఎవరికీ తెలియదట. డిశ్చార్జి కాగితమూ లేదు.

అదే సర్వే ప్రకారం ఆ వయసు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. మన రాష్ట్రంలో దాదాపు తొమ్మిది మంది!

చేపల చెరువుల మీద పనికి పోయే మనిషి ఏలూరు పెద్దాసుపత్రికి రావాలంటే ఆ రోజు కూలి పోతుంది. ఆటో, బస్సు ఛార్జీలు, తోడు ఒకరు. మందులు వాడి మూడు నెలలకు మళ్ళీ రమ్మంటే ఎలా వస్తుంది? ఒక్కసారి తీయించేస్తే పీడ పోతుందనుకుంటుంది. ఆ తొందరను సొమ్ము చేసుకునేవాళ్ళూ లేకపోలేదు.

తెల్లబట్టకు, అధిక రక్తస్రావానికి చాలాసార్లు మందులతోనే నయమవుతుంది. తప్పనిసరైన ఆపరేషన్లూ ఉన్నాయి, కాదనం. కాని చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అనవసరపు తీసివేతలను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే రాష్ట్రాలను ఆదేశించింది.

దాతలారా, ఈ ఆపరేషన్‌కు సాయం అడుగుతూ మన దగ్గరకూ వస్తారు. చెక్కు రాసే ముందు ఇంకో డాక్టరమ్మకు చూపించేందుకు సాయం చేద్దామని మా మనవి. తాడేపల్లిగూడెంలో ఏరియా ఆసుపత్రి ఉంది. ఏలూరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలే నడుస్తోంది. పేదవాళ్ళకు కష్టమల్లా అక్కడిదాకా చేరడమే. పైగా మన ఇళ్ళలో మగ డాక్టరుకు చెప్పుకోలేక జబ్బు దాచుకునేవాళ్ళు ఎందరో. డాక్టరమ్మ ఏ రోజు ఉంటారో కనుక్కుని, చదువుకున్న అమ్మాయిని తోడు పంపితే ఆ బెరుకు సగం తగ్గుతుంది. సదస్సుకు వచ్చిన అమ్మాయిలు కొందరు పేర్లిచ్చారు కూడా.

వాళ్ళ దారి ఖర్చులు, రోగి పోగొట్టుకునే కూలి సంస్థ భరించాలి. అర్జీ ఫారంలో వయసెంత, మందులు ఎన్నాళ్ళు వాడారు, అండాశయాలు ఉంచుతారా అనే ప్రశ్నలు చేర్చాలి. ఆపరేషన్ తప్పకపోతే డిశ్చార్జి కాగితాన్ని లామినేషన్ చేయించి ఆమె చేతికే ఇవ్వాలి. ఫారం నమూనా కార్యదర్శి గారికి ఇచ్చాము.