ఏ నరము?

మన యిండ్లలో దేహమును గూర్చి మాటలాడునపుడు మిక్కిలి పని చేయు మాట యొకటి కలదు. అది 'నరము'. పిక్క బిగిసికొన్నచో నరము పట్టినదందురు. కాయకష్టము చేయువాని ముంజేతిపై నీలిగీతలు కనబడినచో నరములు తేలినవందురు. మెడ తిరుగకున్నను నరమే. చేయి తిమ్మిరెక్కినను నరమే. మనిషి ఊరక బెదరుచున్నచో అదియు నరముల బలహీనతయే. 2022వ సంవత్సరమున జిల్లాల హద్దులు మారి, రేపల్లె బాపట్ల జిల్లాలో చేరినది. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. హద్దులు మారినవి గాని మూడు చోట్లను ఈ మాట మాత్రము మారలేదు.

నేను రేపల్లె దగ్గఱి పల్లెటూరిదానను. తెనాలిలో నర్సింగు చదువుచు శరీర నిర్మాణ శాస్త్రమును, శరీర ధర్మ శాస్త్రమును అభ్యసించితిని. రేపల్లె నుండి వచ్చు రైలుదారియు, బాపట్ల మీదుగా వచ్చు పెద్ద రైలుదారియు తెనాలిలో కలియును గనుక, మా తరగతిలో రెండు దిక్కుల పిల్లలును ఉండిరి. మొదటి పాఠమున మా ఉపాధ్యాయిని ఇంగ్లీషు పేర్లు చెప్పలేదు. దేహపు పటమును గోడకు తగిలించి, ఒక్కొక్క భాగమును చూపుచు, "దీనిని మీ యింట నేమందురు?" అని అడిగిరి. గుండె, ఊపిరితిత్తులు, వెన్నెముక చక్కగా చెప్పితిమి. ఎఱ్ఱగీతను చూపిరి, నరమంటిమి. నీలిగీతను చూపిరి, నరమంటిమి. పసుపుగీతయు నరమే. మడమ వెనుక తెల్లని పట్టెడయు నరమే. ఆమె నవ్వలేదు. నల్లబల్లపై నాలుగు గడులు గీసి, "ఈ ఒక్క మాటను నాలుగుగా విడదీయుటయే మీరు ముందుగా నేర్వవలసిన విద్య" అనిరి.

శ్రోతలారా, ఆ పాఠమును మీరును ఇప్పుడే చేసి చూడవచ్చును. చేయి చాపి వ్రేళ్లను కదలింపుడు. చేతి వెనుక తీగలవలె లేచి కదలునవి స్నాయుబంధకములు. అనగా కండరమును ఎముకకు కట్టియుంచు త్రాళ్లు. వాని నడుమ నీలముగా కనబడునవి సిరలు. చేతిని తలకంటె పైకెత్తిన అవి అణగిపోవును; దించిన మరల నిండును. బొటనవ్రేలి మొదట, మణికట్టు కడ రెండు వ్రేళ్లానించిన కొట్టుకొనునది ధమని. మోచేతి లోపలివైపు ఎముక వెనుక తట్టిన, చిటికెన వ్రేలి దాక జిల్లుమనిపించునది నాడి. ఈ నాలుగింటికిని రూపు వేఱు, పని వేఱు. ఒకటి లాగును, ఒకటి నెత్తురు తెచ్చును, ఒకటి తీసికొనిపోవును, ఒకటి వార్తను మోయును.

పేర్లు వేఱుపడిన పిదప పనులను నేర్చితిమి. కృష్ణ పశ్చిమ డెల్టాలో పుట్టిన మాకు ధమనులను కాలువలతో పోల్చి చెప్పిరి. పెద్దకాలువ నుండి పిల్లకాలువ, దాని నుండి బోదె, బోదె నుండి మడి. సిరలు మురుగుకాలువల వంటివి. అప్పుడు బాపట్ల వైపు రైతుబిడ్డ యొకతె లేచి, "మురుగుకాలువ సముద్రములో కలియును గదా, సిర యెందు కలియును?" అని అడిగినది. పోలిక అక్కడ ఆగిపోయినది. అసలు పాఠము అక్కడనే మొదలైనది.

ఆ ప్రశ్నకు విలియమ్ హార్వే అను ఆంగ్ల వైద్యుడు 1628లో లెక్కకట్టి సమాధానము ప్రకటించెను. నేటి అంకెలతో ఆ తర్కమును చెప్పెదను. గుండె ఒక్క కొట్టుకు సుమారు 70 మిల్లీలీటర్ల నెత్తురును పంపును. నిమిషమునకు 72 మార్లు కొట్టుకొన్నచో సుమారు 5 లీటర్లు. దేహమంతటను ఉన్న నెత్తురే సుమారు 5 లీటర్లు. నిమిషమున కొకమారు అంత నెత్తురు క్రొత్తగా పుట్టుట అసాధ్యము. కావున వెళ్లిన నెత్తురే మరలి రావలెను. కాళ్ల నుండి అది పైకెట్లు ఎక్కును? సిరలలో పైకి మాత్రమే తెఱచుకొను కవాటములు కలవు. మనము నడచునపుడు పిక్క కండరము సిరలను నొక్కి నెత్తురును పైకి త్రోయును. మంచము దిగక కదలక పడియున్నవారికి ఈ ప్రవాహము మందగించును. సిరలో నెత్తురు గడ్డకట్టుట కవకాశ మేర్పడును.

ఇక నరము పట్టినదని చెప్పు పిక్కనొప్పి సాధారణముగా కండరము బిగిసికొనుటయే. కండరము బిగియుటకే గాక సడలుటకును శక్తి కావలెను. ఆ శక్తి యొక్క నిలువలను కనుగొన్నవారిలో మన తెలుగువాడొకడు కలడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మదరాసులో ఆయుర్వేద కళాశాల విద్యార్థులకు శరీర నిర్మాణ శాస్త్రమును బోధించి, పిదప అమెరికా వెళ్లెను. అక్కడ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కండరములలో కనుగొనెను.

ఈ విభాగములు పరీక్ష కొఱకే యని తలపవలదు. ఈ పాఠములు జరిగిన కొన్ని వారములకు నేను ఇంటికి వెళ్లితిని. మా పెదతల్లి కూతురు పురుడు పోసికొని పది దినములుగా మంచముననే యుండెను. ఎడమ పిక్క వాచి, వెచ్చగా నుండెను. కుడికాలు మామూలుగనే యున్నది. మా అమ్మమ్మ ఆముదము వెచ్చజేసి, "నరం పట్టిందే అమ్మా, గట్టిగా రుద్దితే సడలుతుంది" అని కూర్చుండెను. "అమ్మమ్మా, ఇది ఆ నరం కాదు. రుద్దొద్దు" అంటిని. రెండు కాళ్ల చుట్టుకొలతను దారముతో కొలిచి చూపితిని. దారమున రెండు వ్రేళ్ల తేడా కనబడగా ఆమె మాటలాడక నూనెగిన్నె ప్రక్కకు జరిపెను. ఆ సాయంకాలమే మా అక్కను వైద్యుని కడకు తీసికొనిపోయితిమి. సిరలో నెత్తురు గడ్డకట్టినట్లు పరీక్షలో తేలినది. అట్టి కాలిని రుద్దినచో గడ్డ కదలి ఊపిరితిత్తులకు పోయి ప్రాణము తీయవచ్చును. మందులతో ఆమె కోలుకొనెను.

ఇందుకు మా అమ్మమ్మను అజ్ఞానురాలనుట న్యాయము కాదు. గ్రీకుల భాషలోను నాడికి పెట్టిన పేరు మొదట స్నాయువును తెలుపు మాటయే. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరమున హెరోఫిలస్, ఎరాసిస్ట్రాటస్ అను వైద్యులు దేహములను కోసి చూచిన పిదపనే ఆ రెండును వేఱుపడినవి. మన సుశ్రుత సంహిత 700 సిరలు, 24 ధమనులు, 900 స్నాయువులు అని వేర్వేఱుగా లెక్కించినది. ఆ లెక్కలు నేటి లెక్కలతో కలియవు. అయినను విడదీసి చూడవలెనను బుద్ధి ఆనాడే కలదు. శాస్త్రములో వేఱైన మాటలు ఇంటిలో మరల ఒక్కటైనవి. వానిని ఇంటికి తెచ్చి యిచ్చుట చదువుకొన్నవారి పని.

'నరము' అను మాటను విడిచిపెట్టుడని నేను కోరను. ఆ మాట వినబడినపుడు ఇంకొక ప్రశ్న వేయుడని మాత్రమే కోరుచున్నాను: ఏ నరము? నొప్పి ఒక్క కాలికా, రెండింటికా? వాపు కలదా? వెచ్చగా నున్నదా? మనిషి మంచముపై నెన్నాళ్లుండెను? ఒక్క కాలే వాచి వెచ్చబడినచో నూనెగిన్నెను ప్రక్కనబెట్టి వైద్యుని చూడుడు. నొప్పితో పాటు ఆయాసము వచ్చినచో ఒక్క గడియయు ఆలస్యము చేయకుడు.