దాచే మాట, దాచరాని మాట

ఆసుపత్రుల్లో పనిచేసే నర్సు సోదరీమణులతో ఈ నాలుగు మాటలు.

పదహారేళ్ల అమ్మాయి వైద్యానికి వస్తుంది. తల్లి మందులకోసం అటు వెళ్లగానే, "అక్కా, ఒక మాట చెబితే అమ్మతో అనరు కదా?" అంటుంది. మీరేమంటారు?

"అననులే" అనడం సులువు, నిలబెట్టుకోవడం కష్టం. నెలసరి బాధ, చదువు దిగులు వంటివి మీలోనే దాచుకోవచ్చు. కాని పద్దెనిమిదేళ్లు నిండని పిల్లపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయక తప్పదు. ఇష్టపడే జరిగిందన్నా చట్టం ఒప్పుకోదు. గర్భస్రావం చేయవలసి వచ్చినప్పుడు బాలిక, ఆమె సంరక్షకులు కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో డాక్టరు ఆమె పేరు చెప్పనక్కరలేదని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చచ్చిపోవాలనుందని పిల్ల అంటే, డాక్టరుకు వెంటనే చెప్పాలి.

అందుచేత వినకముందే హద్దు చెప్పండి: "అమ్మా, నీ మాట ఊరికే బయటపెట్టను. నీకు ప్రమాదమనిపిస్తే మాత్రం, ముందు నీతో చెప్పి, సాయపడగలవారికే చెబుతాను." అప్పుడామె మోసపోయాననుకోదు.

మరొక మాట. బళ్లారిలోనో బరంపురంలోనో డాక్టరుకు తెలుగు రాకపోతే, తల్లినో పక్కింటావిడనో మధ్యవర్తిగా పెట్టకండి. తెలుగు వచ్చిన నర్సే ఆ మాట అందించాలి. మనవాళ్ల వీధుల్లో అందరూ అయినవాళ్లే. వార్డులో జారిన మాట సాయంత్రానికి ఇల్లు చేరుతుంది.